సహంలో మా పాప కాగితాలు

నా పెళ్లి మస్కట్‌లో, మన ఎంబసీలో, ఒక పొడుగాటి బల్ల ముందు జరిగింది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఒకే ఒక పట్టుచీర కట్టుకున్నాను. మా ఆయన, తన అర్బాబు కొనిచ్చిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. అర్బాబు అంటే అక్కడ యజమాని. వీసా ఇచ్చేది, కాగితాల మీద సంతకం పెట్టేది, ఆ దేశంలో మనిషికి పూచీ పడేది ఆయనే. ఆ అర్బాబే మా పెళ్లికి సాక్షి. మిగతా సాక్షులు నాతో పనిచేసే నర్సులు. ఎంబసీ అధికారి ఇంగ్లీషులో చదివి, ఒప్పుకుంటున్నారా అని అడిగాడు. పెళ్లికొడుకు థాయ్‌లాండ్ మనిషి, ఇంగ్లీషు రాదు. నా వైపు చూశాడు. మా ఇద్దరికీ తెలిసిన వచ్చీరాని అరబ్బీలో నేను చెప్పాను. "ఐవా" అన్నాడు, అవునని. ఆ మాట సరిపోతుందా లేదా అని అధికారి కాస్త ఆలోచించి, నవ్వి, రాసుకున్నాడు.

మాది నిజామాబాద్ జిల్లా. మా వైపు నుంచి గల్ఫ్‌కు పోయేది మగవాళ్ళు, అదీ కట్టడం పనికి. నేను మిషన్ ఆస్పత్రిలో నర్సు చదువు చదివి, ఎనభైల చివర్లో ఒమన్ ప్రభుత్వ ఆస్పత్రి ఉద్యోగానికి వెళ్ళాను. సహంలో వేశారు. సముద్రం పక్కన చిన్న ఊరు. ఒకవైపు చేపల పడవలు, ఇంకోవైపు ఖర్జూరం తోటలు, నిమ్మ తోటలు. తోటలన్నిటికీ బావి నీళ్ళే ఆధారం, బావులన్నిటికీ డీజిల్ పంపులే ఆధారం. ఆ పంపులు బాగుచేసే దుకాణంలో ఆయన మెకానిక్.

పంపు బెల్టులో చెయ్యి పడి, అరచెయ్యి చీరుకుని, అర్బాబుతో కలిసి నా దగ్గరికి వచ్చాడు. కుట్లు వేస్తున్నంతసేపూ ఆయన కంటే అర్బాబే ఎక్కువ బాధపడ్డాడు. ఈ చెయ్యి పోతే సగం సహం ఎండిపోతుందని నాకు చెప్పాడు. కట్టు మార్చడానికి రోజు విడిచి రోజు రమ్మన్నాను. మొదటిసారి కట్టు మార్పించుకుని వెళ్ళిపోయాడు. రెండోసారి పచ్చి మామిడికాయ, ఉప్పూకారం పొట్లం తెచ్చాడు. మా ఊళ్ళో బడి ముందర అమ్మినట్టే ముక్కలు కోసి ఉన్నాయి. ఎక్కడి మనిషి, మన తిండి ఎట్లా తెలిసిందని ఆశ్చర్యపోయాను. అది వాళ్ళ తిండి కూడానని తర్వాత తెలిసింది. అన్నం, చింతపండు, ఎండు చేపలు, నోరు మండే కారం. మా పరిచయం ముందు నోటి రుచితోనే కుదిరింది, మాటలు తర్వాత వచ్చాయి.

పెళ్లి చేసుకుంటానని ఇంటికి ఉత్తరం రాస్తే మా అన్న చాలాకాలం జవాబివ్వలేదు. చివరికి మా వదిన రాసింది. పొడుగు ఉత్తరం కాదు. "ఆయన అన్నం తింటడా, రొట్టె తింటడా? మీ అన్న అడగమన్నడు" అని. అన్నమే తింటాడని రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరంలో అన్న చేతిరాత ఉంది.

పెళ్లికి కావలసిన కాగితాల్లో అన్నిటికంటే కష్టమైనది, ఆయనకు అంతకుముందు పెళ్లి కాలేదన్న ధ్రువపత్రం. అది వాళ్ళ సొంత ఊరి జిల్లా ఆఫీసే ఇవ్వాలి. థాయ్‌లాండ్‌లో ఈశాన్యం వైపు, వరి పొలాల మధ్య వాళ్ళ ఊరు. వాళ్ళ అక్క ఆ ఆఫీసుకు వెళ్ళి తీసుకుని, బస్సెక్కి బ్యాంకాక్ పోయి, ఇంగ్లీషులోకి రాయించి, ముద్ర వేయించి పంపింది. నన్ను ఆమె చూడలేదు, నా భాష ఆమెకు తెలియదు. ఎందుకింత చేసిందని ఆయన్ను అడిగితే, తమ్ముడు అడిగాడు కాబట్టి అన్నాడు.

పెళ్లయ్యాక అర్బాబు తన పాత ఇల్లు మాకు అద్దెకిచ్చాడు. రెండు గదులు, చుట్టూ ఖర్జూరపు మట్టల దడి. బయటికి మేము మొగుడూ పెళ్ళాలం. కాగితాల్లో మాత్రం ఇద్దరు పరాయి మనుషులం. నా వీసా ఆస్పత్రిది, ఆయన వీసా అర్బాబుది. ఒకరి బతాకాలో, అంటే అక్కడి గుర్తింపు కార్డులో, ఇంకొకరి ప్రస్తావన లేదు. మమ్మల్ని కలిపింది ఎంబసీ ఇచ్చిన పెళ్లి పత్రం ఒక్కటే. ఊళ్ళో టైపింగ్ దుకాణం నడిపే కడప భాయ్ దాన్ని అరబ్బీలోకి మార్చి, ప్లాస్టిక్ కవరులో పెట్టిచ్చాడు. మస్కట్ రోడ్డు మీద పోలీసులు ఆపినప్పుడల్లా అదే చూపించేవాళ్ళం. వాళ్ళు చదివి, మా ఇద్దరి ముఖాలూ చూసి, మళ్ళీ చదివి, వెళ్ళమనేవాళ్ళు. ఎవరూ మర్యాద తప్పలేదు. ఒకసారి ఒక పోలీసు, పిల్లలు ఏ భాష మాట్లాడతారని అడిగాడు. అది నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అనిపించింది. అప్పటికి మేము దాని గురించి ఆలోచించలేదు.

కడుపుతో ఉన్నప్పుడు ఆయన పచ్చి బొప్పాయి దంచి పచ్చడి చేసి పెట్టాడు. వాళ్ళ ఊళ్ళో అది రోజూ తినే తిండి. మా అమ్మ బొప్పాయి పేరు కూడా ఎత్తనిచ్చేది కాదు. నేను నర్సునే, అయినా పళ్ళెం పక్కకు జరిపాను. ఆయనకు కోపం రాలేదు. బొప్పాయి బదులు దోసకాయ వేసి మళ్ళీ చేసుకొచ్చాడు. అదే ఏడాది ఎండాకాలంలో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించి గొడవ మొదలైంది. అందరి నోటా యుద్ధం మాటే. ఊళ్ళోని మన తెలంగాణ పిల్లగాండ్లు సైట్ డ్యూటీ దిగాక మా ఇంటికి వచ్చి రేడియో వినేవాళ్ళు. "మన దాకా రాదు లే అక్కా" అని నాకు ధైర్యం చెప్పేవాళ్ళు. వాళ్ళ ముఖాల్లో మాత్రం ధైర్యం ఉండేది కాదు.

చలికాలంలో, సోహార్ పెద్దాస్పత్రిలో పాప పుట్టింది. మా అమ్మ ముక్కు, ఫోటోలో చూసిన వాళ్ళ అక్క కళ్ళు.

పాపకు పాస్‌పోర్టు తీసుకోవాలి, దాని మీద వీసా వేయించుకోవాలి. అందుకు గడువుంది. నాకేం అనుమానం లేదు. నా బిడ్డ, కాబట్టి మన ఎంబసీకి పోతే ఇచ్చేస్తారనుకున్నాను. పాపను ఎత్తుకుని మస్కట్ వెళ్ళి, ఆ రాత్రి ఊరి చివర అల్ మవాలేలో తెలిసిన నర్సు ఇంట్లో ఉండి, పొద్దున్నే రూవీలో ఎంబసీ తలుపు తీసేసరికే నిలబడ్డాం. అక్కడి అధికారి పెద్దమనిషి. కాగితాలన్నీ ఓపిగ్గా చూసి, కూర్చోమని మంచినీళ్ళు ఇప్పించి, చెప్పాడు. అప్పటి చట్టం ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి దేశమే దేశం. తండ్రి భారతీయుడు కాదు కాబట్టి ఈ పాపకు భారత పాస్‌పోర్టు రాదు. తల్లి భారతీయురాలైతే చాలదు.

అప్పుడు పాప నా పైట కింద పాలు తాగుతోంది. నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఆయన తప్పుగా చెబుతున్నాడేమోనని మళ్ళీ అడిగాను. ఆయన మళ్ళీ అంతే మెల్లగా చెప్పాడు. చట్టం మారాలని తనకూ ఉందన్నాడు. తర్వాత రెండేళ్ళకు అది నిజంగానే మారింది. కానీ ఆరోజు నాకు తెలిసిందల్లా, నా ఒళ్ళో ఉన్న బిడ్డ నా దేశం మనిషి కాదని. టాక్సీలో సహం తిరిగి బయల్దేరాం. మా ఆయన అంతా అర్థం చేసుకున్నాడో లేదో తెలియదు. దారి పొడుగునా పాప పాదం ఒకటి తన పిడికిట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇక మిగిలింది వాళ్ళ దేశం. తండ్రి థాయ్ కాబట్టి పాపకు హక్కుంది. కానీ మేము పెళ్లి చేసుకున్న సంగతి వాళ్ళ జిల్లా ఆఫీసు రిజిస్టరుకు ఎక్కితేగాని వాళ్ళ ఎంబసీ పాస్‌పోర్టు ఇవ్వదట. మళ్ళీ వాళ్ళ అక్కకే రాశాం. పెళ్లి పత్రం, పాప పుట్టిన పత్రం పోస్టులో పంపాం. యుద్ధం వల్ల విమానాలు తారుమారయ్యాయి, ఉత్తరాలు ఎక్కడెక్కడో ఆగిపోయాయి. ఇటు సోహార్ పాస్‌పోర్టు ఆఫీసు గడువు దగ్గర పడుతోంది.

ఏం చేయాలో తోచక కడప భాయ్ దగ్గరికి పోయి గడువు పెంచమని అర్జీ టైపు చేయించాను. మర్నాడు సోహార్ ఆఫీసులో కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా రెండు అడ్డంకులు చూపించాడు. మా ఆయన పేరు పెళ్లి పత్రం అరబ్బీలో ఒక రకంగా, పాప పుట్టిన పత్రంలో ఇంకో రకంగా ఉంది. ఇద్దరూ ఒకరేనని ఏమిటి రుజువు? అది ఒకటి. ఆయన బతాకాలో మెకానిక్ అని ఉంది, ఆ పనివాళ్ళకు కుటుంబ వీసా ఇచ్చే పద్ధతి లేదు. అది రెండు. బిడ్డ వీసా తండ్రి పేరు మీదే ఇస్తారని, అలా కుదరకపోతే గడువు లోపల బిడ్డను స్వదేశం పంపించాలన్నాడు. ఆయన కటువుగా చెప్పలేదు, రోజూ చెప్పే మాటే చెప్పాడు.

"ఏ దేశానికి పంపాలి సార్?" అన్నాను.

ఆయన పాపను చూశాడు. కాగితాలు మళ్ళీ తిరగేశాడు. నా పాస్‌పోర్టు తీసి చూశాడు, మా ఆయనది తీసి చూశాడు. లేచి, మమ్మల్ని లోపల పెద్ద అధికారి గదికి తీసుకుపోయాడు.

ఆ అధికారికి గడ్డం నెరిసింది. నన్ను కూర్చోమని, సంగతంతా మొదటి నుంచి చెప్పమన్నాడు. నా అరబ్బీ ఆస్పత్రి అరబ్బీ. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, మందు తిన్నావా, ఇంతవరకే. దాంతోనే నా పెళ్లి, నా బిడ్డ, మా రెండు దేశాల చట్టాలు అన్నీ చెప్పాలి. మధ్యలో మాటలు దొరక్క ఆగిపోతే ఆయన తొందరపెట్టలేదు. అంతా విని, పాప పాస్‌పోర్టు వచ్చేదాకా ఉండొచ్చని ఒక కాగితం మీద రాసి ముద్ర వేశాడు. పేరు తేడాకు వివరణ తీసుకురమ్మన్నాడు, వచ్చేటప్పుడు అర్బాబును వెంటబెట్టుకు రమ్మన్నాడు.

నేను తిరిగి వచ్చి చెప్పగానే భాయ్ టైపు మిషన్ మీద నుంచి చేతులు తీసేశాడు.

"నా వల్లనే సిస్టరమ్మా. ఆయన పేర్లో ఉండే సౌండు అరబ్బీలో లేదు. నేనొక మాదిరి రాస్తి, ఆస్పత్రోళ్ళు ఇంకో మాదిరి రాసిరి. నేనే వస్తా సోహార్‌కు. నా నోటితోనే చెప్తా."

దుకాణం మూసుకుంటే బేరాలు పోతాయి, వద్దన్నాను. వినలేదు. సంకలో డిక్షనరీ పెట్టుకుని మాతో వచ్చాడు. అర్బాబు తెల్లటి దిష్‌దాషా పొడుగంగీ మీద అత్తరు పూసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు. అందరం ఆయన పికప్ బండిలోనే వెళ్ళాం.

భాయ్ అధికారి ముందు నిలబడి, పేరును థాయ్‌లో ఎలా పలుకుతారో మా ఆయన చేత పలికించాడు. మళ్ళీ మళ్ళీ పలికించాడు. అధికారి తనూ పలకడానికి ప్రయత్నించాడు. రాలేదు. గుమాస్తాను పలకమన్నాడు. అతనికీ రాలేదు. రెండు రకాలుగా రాసినవాళ్ళ తప్పేమీ లేదని నవ్వి, ఇకముందు అన్ని కాగితాల్లో పాస్‌పోర్టును బట్టి ఒకేలా రాయాలని ఒక స్పెల్లింగు ఖాయం చేసి, భాయ్ వివరణ కింద ముద్ర వేశాడు.

తర్వాత మెకానిక్ సంగతి వచ్చింది. పద్ధతి ఒప్పుకోదని అధికారి అర్బాబుకు చెప్పాడు. అర్బాబు వాదించలేదు. తన చేతికర్ర బల్లకు ఆనించి, నిదానంగా అన్నాడు.

"మా దుకాణంలో మేమిద్దరమే. నాకు పంపు విప్పడం రాదు, బిగించడం రాదు. తాళాలు ఇతని దగ్గరే ఉంటాయి. తోటలవాళ్ళు వచ్చి అడిగేది కూడా ఇతన్నే. మరి దుకాణానికి మేనేజర్ ఎవరో మీరే చెప్పండి."

అధికారి గడ్డం నిమురుకున్నాడు. "ఆ మాట లేబర్ ఆఫీసులో చెప్పి, రాయించుకుని రండి" అన్నాడు.

అర్బాబు అటు నుంచి అటే లేబర్ ఆఫీసుకు వెళ్ళాడు. ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఎండలో, వరసల్లో, ఈ బల్ల దగ్గర నుంచి ఆ బల్ల దగ్గరికి ఆ ముసలాయన తిరగడం నేను చూశాను. మా ఆయన వద్దని బతిమాలాడు. తనకు పొద్దుపోవడం లేదని, తిరగడం ఒంటికి మంచిదని డాక్టరే చెప్పాడని ఆయన అనేవాడు. ఆ డాక్టరు మా ఆస్పత్రిలోనే ఉండేవాడు. మోకాళ్ళు అరిగాయి, ఎక్కువ నడవొద్దని ఆయనకు చెప్పిన మాట నాకు తెలుసు. చివరికి కొత్త బతాకా వచ్చింది. అందులో మెకానిక్ బదులు దుకాణం మేనేజర్ అని ఉంది. అర్బాబు ఆ మాటను నిజం కూడా చేశాడు. ఆ రోజు నుంచి కొనుగోళ్ళు, బేరాలు అన్నీ మా ఆయనకే వదిలేసి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ కూర్చునేవాడు.

యుద్ధం ఆగింది. ఎండలు ముదురుతుండగా వాళ్ళ అక్క దగ్గర నుంచి కాగితాలు వచ్చాయి. పెళ్లి రిజిస్టరుకు ఎక్కినట్టు పత్రం, దాని తర్జుమా, ముద్రలు. కవరులో తెల్లటి నూలు పోగులు కూడా ఉన్నాయి. పుట్టిన బిడ్డ మణికట్టుకు ఇంటి పెద్దలు కట్టే దారాలు అవి, ప్రాణం ఎటూ పోకుండా ఒంట్లో నిలవడానికట. ఊళ్ళో పెద్దవాళ్ళందరి చేతా ముట్టించి పంపింది. మా వదిన పంపిన నల్లదారం అప్పటికే పాప నడుముకు ఉంది. తెల్లవి మణికట్టుకు కట్టాం. కాగితాలు వాళ్ళ ఎంబసీకి పోయాయి, పాప పాస్‌పోర్టు పోస్టులో వచ్చింది. ఫోటోలో పాప నోరు తెరిచి ఉంది. పక్కన నేను చదవలేని లిపి. మా ఆయన వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివి చెప్పాడు. ఊరు, జిల్లా, దేశం. ఆ దేశం పాపదని విని నాకు దుఃఖం వస్తుందనుకున్నాను. రాలేదు. చూడని ఊరొకటి నా బిడ్డ పేరు తన పుస్తకంలో రాసుకుందన్న నెమ్మది కలిగింది.

వీసా వేయించడానికి వెళ్ళిన రోజు నెరిసిన గడ్డం అధికారి స్వయంగా కిటికీ దగ్గరికి వచ్చాడు. ముద్ర కొట్టి, ఆరేదాకా పేజీ తెరిచి పట్టుకుని, నాకిచ్చాడు. పాప పేరు, తండ్రి పేరు చదివాడు. ఈసారి సరిగ్గా పలికాడు. మాషాల్లా అన్నాడు. నేను షుక్రన్ అని కృతజ్ఞత చెప్పాను. ఇంకేమైనా చెప్పాలనిపించింది, కానీ నా ఆస్పత్రి అరబ్బీలో అంతకంటే పెద్ద మాట లేదు.

ఆ తర్వాత సహంలో చాలా ఏళ్ళు ఉన్నాం. పాప దుకాణం ముందర అర్బాబు మనవలతో అరబ్బీ, నాతో తెలుగు, తండ్రితో థాయ్ మాట్లాడుతూ పెరిగింది. సెలవులకు మా ఊరు తీసుకుపోవాలంటే దానికి వీసా తీసుకోవాలి. మా అన్నకు ఆ సంగతి మింగుడుపడేది కాదు. "మేనకోడలు మేనమామ ఇంటికి రానీకి వీసా ఏంది?" అనేవాడు. కానీ ప్రతిసారీ ఎయిర్‌పోర్టుకు వచ్చేవాడు. పాపను భుజం మీద కూర్చోబెట్టుకుని బయటికి తీసుకుపోయేవాడు.

ఇప్పుడు మేము థాయ్‌లాండ్‌లో, మా ఆయన ఊళ్ళో ఉంటున్నాం. ఇక్కడ విదేశీయురాలిని నేను. థాయ్ పౌరుడి భార్యగా ఉండడానికి ఏటా గడువు పొడిగించుకోవాలి. ఫోటోలు, ఇంటి మ్యాపు, పెళ్లి ఇంకా నిలిచి ఉందన్న రుజువు. నాకు తోడు మా ఆడబిడ్డ వస్తుంది. అప్పట్లో బస్సెక్కి బ్యాంకాక్ తిరిగిన ఆ అక్కే. ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో చుట్టూ ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. విసుగు రావడం న్యాయమే, ఒకే కాగితం మళ్ళీ మళ్ళీ అడుగుతారు. నాకు మాత్రం కోపం రాదు. నా జీవితంలో నేను చూసిన మంచితనం చాలావరకు ఇలాంటి బల్లల దగ్గరే కనిపించింది. దగ్గరివాళ్ళు మంచిగా ఉండడం ఒక ఎత్తు. ఏ చుట్టరికమూ లేని మనిషి, తన పని కాకపోయినా, కుర్చీలో నుంచి లేచి రావడం ఇంకో ఎత్తు.

తొంభైల చివర్లో ఒమన్ వదిలి వచ్చేటప్పుడు, వీసా రద్దు కాగితం మీద సంతకం పెట్టాల్సింది అర్బాబే. అప్పటికి ఆయనకు చూపు మందగించింది. మా ఆయనే అర్బాబు చెయ్యి పట్టుకుని సంతకం పెట్టే చోటు చూపించాడు. పెట్టే ముందు అర్బాబు, కలం చేతిలో ఉండగానే, బావుల్లో ఉప్పు నీళ్ళు పడుతున్నాయని, తోటలు ఎండిపోతున్నాయని, పంపులతో ఇక పనేముందని ఏదేదో మాట్లాడాడు. తర్వాత సంతకం పెట్టాడు. పాపను దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, మళ్ళీ రావాలనిపిస్తే తన పేరు మీదే వీసా తీసుకుని రమ్మని చెప్పాడు.